మా అమ్మకు రావాల్సిన బాకీ

మా అమ్మ దగ్గర ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో రేషన్ కార్డు, నాన్న ఫొటో, పురికొసతో కట్టిన రసీదుల కట్ట. 1991లో సర్కారు ఇచ్చిన మూడు సెంట్ల పట్టాలో, గృహ నిర్మాణ సంస్థ అప్పుతో కట్టుకున్న ఇంటి వాయిదాల రసీదులవి. కార్బన్ అంటుకుని సగం అంకెలు అలుక్కుపోయాయి. కూలి డబ్బుల్లోంచి కొన్ని, పాల డబ్బుల్లోంచి కొన్ని కట్టింది. చివరిది 2003 నాటిది. మా వీధిలో అప్పు పూర్తిగా తీర్చింది ముగ్గురే. మిగతావాళ్లు నవ్వేవారు: "ఎలక్షన్లు రానీ వదినా, ఎలాగూ మాఫీ అయిపోతాయి."

వాళ్లన్నదే జరిగింది. 2021 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్ పుట్టినరోజు నాడు, తణుకులో జగనన్న సంపూర్ణ గృహ హక్కు పథకం మొదలైంది. జనం నోట్లో అది ఓటీఎస్, అంటే వన్ టైమ్ సెటిల్‌మెంట్. 1983 నుంచి 2011 దాకా తీసుకున్న ఇంటి అప్పు, వడ్డీతో కలిసి ఎంత పెరిగినా సరే, పల్లెలో 10 వేలు, మున్సిపాలిటీలో 15 వేలు, కార్పొరేషన్‌లో 20 వేలు కడితే చెల్లన్నారు. ఇల్లు రిజిస్టరు చేసిస్తామన్నారు. మరి అప్పంతా తీర్చేసినవాళ్లకు? పది రూపాయలు. అసలు అప్పే చేయనివాళ్లకూ అదే పది.

ఇదేం న్యాయమని అడిగితే, పక్కింటి పేదోడికి మేలు జరిగితే నీకెందుకు కడుపుమంట అంటారు. మా పక్కింటాయన తాటిచెట్టు మీంచి పడి మంచం పట్టాడు. ఆయన్ని ఆ 10 వేలు కూడా అడక్కుండా వదిలేయాల్సింది. ఆ 10 వేలకే, అదే వీధిలో పాత గదుల మీద రెండంతస్తులు లేపి కింద ఎరువుల కొట్టు పెట్టినాయన కూడా దర్జాగా బయటపడ్డాడు. మంచంలో ఉన్నవాణ్నీ మేడ మీద ఉన్నవాణ్నీ ఒకే గాటన కట్టి, దానికి దయ అని పేరు పెడితే ఒప్పుకోవాలా?

సరే, అదలా ఉంచండి. నా కోపం అంతకంటే పాతది. తాకట్టు వ్యాపారి ఎంత కఠినాత్ముడైనా బాకీ తీరిన రోజున గొలుసు తిరిగిచ్చేస్తాడు. 2003లో మా అమ్మకు ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు. సర్కారు ఇచ్చిన అసైన్డ్ స్థలం అమ్ముకోవడానికి అప్పట్లో 1977 చట్టం అడ్డం. 2012లో చెల్లి పెళ్లికి ఇంటి మీద అప్పడిగితే, రిజిస్టరు దస్తావేజు లేదని బ్యాంకు మేనేజరు తిప్పి పంపాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాం. ఆ వడ్డీ ఎవరి ఖాతాలో రాయాలి? అప్పు తీరాక పద్దెనిమిదేళ్లు హక్కు పత్రం బిగబట్టుకు కూర్చున్న ప్రభుత్వాన్ని మించిన మొండిబాకీదారు మా వీధిలో ఎవరున్నారు? అంత ఆలస్యంగా ఇస్తూ పైగా దాన్ని వరమన్నారు!

ఇది ఒక్క పార్టీ పాపమేం కాదు. 1983 నుంచి కుర్చీ ఎక్కిన ప్రతివాళ్లదీ ఒకటే వరస: గట్టిగా వసూలు చేయరు, తెగించి రద్దు చేయరు, కట్టినవాళ్లకు రాసివ్వరు. ఓటీఎస్ రోజుల్లో తెలుగుదేశం వాళ్లు కట్టొద్దు, మేమొచ్చాక ఉచితంగా రిజిస్టరు చేస్తాం అని ఊరూరా చెప్పారు. ఇంతకుముందే కట్టేసినవాళ్ల డబ్బు సంగతి ఇటువాళ్లూ ఎత్తలేదు, అటువాళ్లూ ఎత్తలేదు.

నేనడిగేది చిన్నది. మాఫీలో ఎదుటివాడి వడ్డీ వదిలేశారు గదా, మా అమ్మ కట్టిన వడ్డీ తిరిగివ్వండి. ఖజానాలో లేదంటారా? పది వేల కోట్లు మాఫీ చేస్తున్నామని సభలో చెప్పుకున్నది ఈ ఖజానా గురించే కదా. పాత రికార్డులు దొరకవంటారా, మా బిస్కెట్ డబ్బా పట్టుకొస్తాం.

రిజిస్ట్రేషన్ రోజున నేనే అమ్మను గ్రామ సచివాలయానికి తీసుకెళ్లాను. చీర కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు బల్ల మీద పెట్టింది.

"రసీదియ్యి బాబూ."

ఆ కుర్రాడు నవ్వాడు. "పది రూపాయలకి రసీదెందుకు మామ్మగారూ, దస్తావేజే ఇస్తున్నాం గదా."

"అదీ ఇవ్వు, ఇదీ ఇవ్వు" అంది అమ్మ. వెనక వరస పెరుగుతున్నా, అతను కాగితం తీసి రాసిచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.