హెచ్‌బీఏ1సీ నివేదికలో పద్ధతి పేరూ ఉండాలి

హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తారు. ఆ శాతాన్ని ఏ పద్ధతిలో కొలిచారని మాత్రం రోగులు అరుదుగా అడుగుతారు. మన దేశంలో అది తప్పక అడగాల్సిన ప్రశ్న.

రక్తంలోని గ్లూకోజు ఎంజైముల సాయం లేకుండానే హిమోగ్లోబిన్ అనే ప్రొటీనుకు అతుక్కుంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. అందుకే ఇలా మారిన ప్రొటీను గత రెండు మూడు నెలల చక్కెర స్థాయిని తెలుపుతుంది.

అయాన్ ఎక్స్ఛేంజ్ క్రొమటోగ్రఫీ ఈ ప్రొటీనును విద్యుదావేశంలోని తేడా ఆధారంగా వేరుచేస్తుంది. ఇమ్యునోఅస్సే యాంటీబాడీలతో గుర్తిస్తుంది. బోరోనేట్ అఫినిటీ పద్ధతి అతుక్కున్న చక్కెరనే పట్టుకుంటుంది.

చిక్కు ఇక్కడే. మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువ. ఆ జన్యువు ఒక్కటే ఉన్నవారిలో కూడా కొంత హిమోగ్లోబిన్ ఆవేశం మారుతుంది. దాంతో కొన్ని పరికరాలు తప్పు ఫలితం ఇవ్వవచ్చు. బోరోనేట్ పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువ. వ్యాధి ముదిరి కణాలు త్వరగా నశించేవారిలో మాత్రం ఏ పద్ధతినీ నమ్మలేం. ఇనుము లోపం ఉంటే శాతం ఎక్కువగా కనిపించవచ్చు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

మందుల మోతాదును నిర్ణయించే అంకె ఇది. నివేదికలో పద్ధతి పేరు రాయడానికి అయ్యే ఖర్చు ఒక్క వాక్యమే. రక్తహీనత, సికిల్ సెల్ అనుమానం ఉన్నచోట గ్లూకోజు పరీక్షతో సరిచూడటం వైద్యుల బాధ్యత.