ఆసా పంపిన వెండి



యవనస్థుల కూడికలో ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, యుద్ధం చేసే ఇద్దరూ ప్రార్థన చేస్తారు గదా, మరి ఏళ్ల తరబడి ఎందుకు ఆగదు?" అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాము. ఇంటికి వచ్చి 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయము మరల చదివాము.

ఇశ్రాయేలు రాజు బయెషా మీదికి రాగా, యూదా రాజైన ఆసా దేవుని మందిరపు వెండి బంగారములు తీసి సిరియా రాజు బెన్హదదుకు పంపాడు. అంతవరకు బయెషాతో నిబంధనలో ఉన్న బెన్హదదు, వెండి అందగానే పక్షము మార్చాడు. ఆసా పని నెరవేరింది. అయినా దీర్ఘదర్శియైన హనానీ వచ్చి, ఇకమీదట నీకు యుద్ధములే అన్నాడు.

జర్మనీలో 1618 నుండి 1648 వరకు జరిగిన ముప్పదేండ్ల యుద్ధము ఈ అధ్యాయమునకు వ్యాఖ్యానము వంటిది. అది కథోలికులకు, ప్రొటెస్టంటులకు మధ్య విశ్వాసము కొరకు జరిగినదని సంస్కరణ దినపు ఆరాధనలో మేమూ ప్రసంగించాము. ఆరంభములో అందులో నిజము లేకపోలేదు. కాని డబ్బు లెక్కలు చూచాక మా ప్రసంగము దిద్దుకోవలసి వచ్చింది.

1630లో స్వీడన్ రాజు గుస్తావు అడాల్ఫు లూథరన్ల పక్షమున సైన్యముతో జర్మనీలో దిగాడు. ఖర్చుకు తన దేశపు రాబడి చాలదు. ఇచ్చినది ఎవరనుకున్నారు? ఫ్రాన్సు! అక్కడి మంత్రి రిషెల్యూ రోమా సంఘపు కార్డినల్. చక్రవర్తి తన మతస్థుడే అయినా, ఆయన వంశము బలపడుట ఫ్రాన్సుకు గిట్టలేదు. 1631 జనవరిలో కుదిరిన ఒప్పందము ప్రకారము స్వీడన్‌కు ఏటా 4,00,000 తాలర్లు, అనగా ఆనాటి వెండి నాణెములు.

ఇటు విట్టెన్‌బర్గు ఉన్న సాక్సనీ సంగతి చూడండి. దాని లూథరన్ ప్రభువు 1620లో కథోలిక చక్రవర్తి పక్షము. 1631లో స్వీడన్ పక్షము. 1635లో మరల చక్రవర్తితో సంధి. 1643లోనైతే లూథరన్ స్వీడన్ లూథరన్ డెన్మార్కు మీదనే పడింది.

మరి విసిగిపోయి ఎందుకు ఆపలేదు? సైనికులలో అధికులు జీతగాండ్రు. వారిని ఇంటికి పంపాలంటే బాకీ జీతములు తీర్చాలి. ఖజానా ఖాళీ. కాబట్టి సైన్యమును అలాగే ఉంచి, అది ఉన్నచోట ఊళ్లమీద పన్ను వేసి పోషించారు. చక్రవర్తి సేనాధిపతి వాలెన్‌స్టెయిన్ ఈ పద్ధతిలో ఆరితేరినవాడు. ఒక ప్రాంతము బీడైతే మరొకటి. వడ్డీ కట్టుటకు మరో అప్పు చేసేవాని బ్రతుకే అది. 1648 అక్టోబరులో సంధి జరిగిన తరువాత కూడా, స్వీడన్ సైనికుల బాకీ కొరకు జర్మన్ సంస్థానములు 50 లక్షల తాలర్లు చెల్లించవలసి వచ్చింది. వాయిదాలు అందేవరకు పటాలములు పట్టణములలోనే ఉన్నాయి.

సాక్సనీలోని ఐలెన్‌బర్గులో మార్టిన్ రింకార్ట్ అను లూథరన్ కాపరి ఉండేవాడు. 1637లో అక్కడ తెగులు వచ్చింది. ఆయన నాలుగు వేలకు పైగా మృతులను సమాధి చేశాడు. వారిలో ఆయన భార్య ఒకరు. దాని వెనుకనే కరవు.

1639లో స్వీడన్ సైన్యము వచ్చి 30,000 తాలర్లు కట్టమన్నది. సాక్సనీ పక్షము మార్చింది గనుక ఇప్పుడు ఆ స్వమతస్థులే శత్రువులు! గుస్తావు తన సైన్యమునకు దినమునకు రెండు పూటల ప్రార్థన నియమించి ఉన్నాడు. రింకార్ట్ వెళ్లి బ్రతిమాలాడు. సేనాధిపతి వినలేదు. అప్పుడాయన సంఘముతో కలిసి మోకరించి ప్రార్థించాడు. చివరకు బేరము 2,000 ఫ్లోరిన్లకు దిగింది.

ఆ కాపరి తన పిల్లలకు రొట్టె, బట్ట సమకూర్చలేక రాబోవు కొన్ని సంవత్సరముల జీతమును తాకట్టు పెట్టాడు. ఇంగ్లీషు ఆరాధనలలో నేటికీ పాడే "నౌ థ్యాంక్ వి ఆల్ అవర్ గాడ్" ఆయన వ్రాసినదే. భోజనమైన తరువాత ఇంటిల్లిపాది చెప్పుకొనుటకు వ్రాసిన ప్రార్థన అది. సంధి జరిగిన మరుసటి ఏడు, 1649 డిసెంబరులో, ఆయన ప్రభువునందు నిద్రించాడు.

ఆ తమ్ముని వచ్చే కూడికకు తప్పక రమ్మని కబురు పంపాము.