మేలుబంతి లేని బడి

పని యడుగువాడు తాను కోరునది యెట్టిదో ముందు చూపవలయును. ఇది లోకమర్యాద. కూలికి పిలిచిన రైతు చేను చూపును. చీర నేయుమన్నవాడు అంచు చూపును. నగ చేయుమన్న యిల్లాలు పాతనగ నొకదానిని కంసాలి ముందుంచును. ఒక్క మన బడిలో మాత్రము “బాగుగా వ్రాయుము” అను ఆజ్ఞయే కాని, బాగుగా వ్రాయుట యెట్టిదో కన్నులార చూపువారు అరుదు. వ్రాసిన పిమ్మట ఎఱ్ఱసిరాతో నాలుగు గీతలు గీసి, పదింటికి నాలుగు మార్కులు వేసి కాగితము చేతికిత్తురు. ఆ నాలుగు ఏల వచ్చినవో, తక్కిన ఆఱు ఏల పోయినవో ఆ బాలుడు ఎఱుగడు. ఇది బోధన కాదు, తీర్పు మాత్రమే. నేరమేమో చెప్పక విధించిన శిక్షకును దీనికిని భేదము మాకు కనబడుట లేదు.

మన పూర్వుల బడికి ఈ లోపము లేదు. “ఒరవడి” యనియు “మేలుబంతి” యనియు మన భాషలో రెండు చక్కని మాటలు కలవు. గురువు పైవరుసను తన చేతితో వ్రాసి యిచ్చును. శిష్యుడు దానిని చూచుచు క్రిందివరుసలు దిద్దును. ఆ పైవరుసయే మేలుబంతి. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెలు దొర మన వీధిబడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుచు నేర్చుటను అందు వర్ణించెను. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతిని మెచ్చెను. అర్థమెఱుగని పద్యములను బాలురు వల్లించుచున్నారని ఆ దొరయే ఆక్షేపించెను. ఈ రెండు మాటలును నేటికిని సత్యములే. మేలుబంతిని మనము పోగొట్టుకొంటిమి. వల్లెవేతను మాత్రము భద్రముగా దాచుకొంటిమి!

పల్నాటివారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱ లేదు. దుర్గి శిల్పులు చెక్కిన రాతిపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పని నేర్చువాడు పెద్దల చేతిలోని ఉలి నడకను చూచి నేర్చునే కాని, “బొమ్మ బాగుగా నుండవలయును” అను ఉపదేశమును విని నేర్వడు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో పల్నాటి వీరకథ పాడు వీరవిద్యావంతులు ఆ కథను పెద్దల నోట విని పట్టిరి. చూచి నేర్చినంత మాత్రమున శిల్పి బానిస కాలేదు. విని పాడినంత మాత్రమున గాయకుడు చిలుక కాలేదు.

సాహిత్యమున సైతము లక్ష్యము ముందు, లక్షణము తరువాత. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను 1853లో ప్రకటించెను. బాలవ్యాకరణము 1858లో వచ్చెను. వచనమెట్లుండవలయునో మొదట వ్రాసి చూపి, పిదప సూత్రము చెప్పెను. 1912-13లో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి విద్యార్థులు తెలుగు వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునికభాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తరువు చేసెను. ఆధునికభాష యన నేమి? బ్రౌను తెలుగు రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్రను చూడుడని ఆ ఉత్తరువే లక్ష్యములను చూపెను. పండితలోకము భగ్గుమనెను, 1914లో ఆ స్వేచ్ఛ రద్దయ్యెను. ఆ వాదమున న్యాయమెవరిదను ప్రశ్నను ఇచట ఎత్తము. మేమనునది యొక్కటే: ఆ ఉత్తరువు “ఇట్లు వ్రాయుము” అని చెప్పుటతో నిలువక, ఎట్లో చూపెను.

“మాదిరి చూపినచో పిల్లలు దానినే దించుదురు, స్వబుద్ధి నశించును” అని కొందఱు ఉపాధ్యాయులు ఆక్షేపింతురు. అయ్యా, ఇప్పుడు దించుట లేదా? బడి చూపని మాదిరిని అంగడి చూపుచున్నది. గైడు అను పేరి పుస్తకమొకటి కొని, అందలి జవాబును అక్షరము పొల్లుపోకుండ వల్లించి వచ్చు బాలుని మీరెఱుగరా? మాదిరి లేకుండుట యెన్నడును సంభవింపదు. మంచి మాదిరి యుండునా, చెడ్డ మాదిరి యుండునా అనునదే ప్రశ్న.

ఒక దృష్టాంతము చెప్పుదుము. కోటప్పకొండ తిరునాళ్లను గూర్చి వ్యాసము వ్రాయుమంటిమనుకొందము. ఒకడు “భారతదేశము పండుగలకు నిలయము; పండుగలు ఐకమత్యమును పెంచును” అని మొదలిడి కొండ యూసు లేకయే ముగించును. రెండవవాడు కొండను, శివరాత్రిని, ప్రభలను పేర్కొనును గాని అన్నిటిని కలగాపులగము చేయును. మూడవవాడు తమ యూరి ప్రభ నెట్లు కట్టిరో, మోకు లెవరు పట్టిరో, దారిలో అది యొరిగినప్పుడు జనమెట్లు నిలిపిరో వరుసగా చెప్పును. ఈ మూటిని ప్రక్కప్రక్కన నుంచి “ఏది మేలు? ఏల?” అని తరగతిని అడుగుడు. అరగంటలో పిల్లలు తెలిసికొనునది ఏడాది యుపదేశమున తెలియదు. ఒక్క మాదిరిని చూపిన అనుకరణ పుట్టును. మూడు చూపిన వివేకము పుట్టును.

ఇది మా యూహ మాత్రము కాదు. ఆస్ట్రేలియాలో స్వెల్లరు, కూపరు అను విద్వాంసులు బీజగణితమున పరీక్షించి, చేసి చూపిన లెక్కలను చదివిన విద్యార్థులు అట్టి లెక్కలనే త్వరగా, తక్కువ తప్పులతో చేయుదురని 1985లో ప్రకటించిరి. ఆ దేశీయుడే యగు శాడ్లరు, గురువు మనసులోని మేలిమి శిష్యుని మనసున కూడ నెలకొన్నగాని అభివృద్ధి కలుగదని 1989లో వాదించెను. విద్యార్థి ఆఱితేరిన కొలది మాదిరి యక్కఱ తగ్గుననియు, ఒకప్పుడు అదియే అడ్డగుననియు 2003లో మఱికొందఱు హెచ్చరించిరి. కావున మాదిరి ఊతకఱ్ఱ. నడక వచ్చిన పిమ్మట తీసివేయవలయును.

ఈ లోపమువలన నష్టపడునది యెవరు? నరసరావుపేటలో చదివిన తల్లిదండ్రులు గల బిడ్డకు ఇంటనే మేలుబంతి దొరకును. అన్న వ్రాసిన నోటుపుస్తకముండును, ట్యూషను మాస్టరుండును. మిరపకాయలు కోయు తల్లికి, పత్తి తీయు తండ్రికి పుట్టి, ఆ యింట మొదటిసారి బడి మెట్లెక్కిన తండా బిడ్డకు ఎవరున్నారు? చూపని ప్రమాణము కలవారికి పిత్రార్జితము, లేనివారికి గోడ. తెలివి సమానమైనను ఫలము సమానము కాదు. ఆ పాపమును మనము “మందబుద్ధి” యను పేర బిడ్డ నెత్తిన వేయుచున్నాము.

దిద్దిన జవాబుపత్రమును చూచుకొను హక్కు విద్యార్థికి కలదని 2011లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. సంతోషమే. కాని పరీక్ష ముగిసిన పిమ్మట చూచుట శవపరీక్ష వంటిది. ముందు చూపుట వైద్యము. కేంద్ర మాధ్యమిక విద్యామండలి విద్యార్థులు వ్రాసిన మేలైన జవాబులను వెబ్‌సైటున ప్రకటించినది. మన పదవతరగతి బిడ్డలకు, తెలుగున, అట్టిదే అందవలయును. మేలైనవే కాక నడిమివి, కొఱతగలవి సైతము మార్కుల లెక్కతో ప్రకటింపవలయును.

ఉపాధ్యాయ సోదరులకు మా విన్నపము స్వల్పము. గడచిన యేటి పిల్లల వ్రాతలలో మూటిని పేర్లు తొలగించి దాచుడు. క్రొత్త వ్యాసమునకు ముందు వానిని చదివించి, మార్కులు మొదట పిల్లలచేతనే వేయించి, మీ తీర్పుతో పోల్చి చూపుడు. పిదప ఆ కాగితములను తీసివేసి, వేఱొక విషయమును గూర్చి వ్రాయింపుడు. దీనికి నిధులు వలదు, జీవో వలదు.

పుల్లరి నెదిరించి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించిన సీమ యిది. 2022లో ఈ సీమ పేరనే జిల్లా యేర్పడినది. తన పనిని తాను తూచుకొన నేర్చిన బిడ్డయే స్వరాజ్యమునకు వారసుడు. తూకపురాళ్లను అతని కంటబడకుండ దాచి, “తక్కువ తూగితివి” అని వెడలగొట్టు బడి మనకు తగదు. తూకపురాళ్లను బిడ్డల చేతికిండు!