బాసీ ఈద్ నాడు మాల్‌కే ఎందుకు?

ఈద్ మన ఇళ్లలో ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. నమాజు, గలే మిలనా, షీర్ ఖుర్మా, దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ, పిల్లల చేతుల్లో ఈదీ. దుబాయి నుంచి మామూ వస్తాడు, కర్నూలు నుంచి ఖాలా పిల్లల్ని వెంటబెట్టుకుని దిగుతుంది. ఇల్లంతా ఇరవై మంది. మాషాఅల్లా, ఇంతవరకూ బాగానే ఉంది.

నా ఝగడా మర్నాటి బాసీ ఈద్‌తో. మగపిల్లలు బైకులెక్కి మాయమవుతారు. మిగతావాళ్లు ఆటోలు మాట్లాడుకుని మాల్‌కి పోతారు. ఈదీ డబ్బులు బర్గర్లకీ, వీడియో గేములకీ అయిపోతాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మాత్రం ఇంట్లో నిన్నటి దేగ్‌లు తోముతూ ఉంటారు. సాయంత్రం తిరిగొచ్చిన పిల్లల్ని ఏం చూశారని అడగండి. చెప్పడానికి ఏమీ ఉండదు.

ఆ ఒక్క రోజు ఇంటిల్లిపాదీ కలిసి మన హునర్‌ని చూడటానికి పోవాలంటాను. అమ్మీ, ఫూఫీ కూడా రావాలి. దేగ్‌లు ముందురోజు రాత్రే మగవాళ్లు తోమిపెట్టాలి.

హైదరాబాదులో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంతో మొదలుపెట్టండి. మనవాళ్లకి అక్కడ తెలిసినవి రెండే: గంట కొట్టే గడియారం, ముసుగులోని రెబెకా. ఆ రెండూ చూసి బయటపడతారు. అదే సేకరణలో చేత్తో రాసిన ఖురాన్ ప్రతులు ఎన్నో ఉన్నాయి. బగ్దాదు ఖత్తాత్ యాకూత్ ముస్తఅసిమీ రాసిన ప్రతి ఉంది, దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల దస్తఖత్‌లు ఉన్నాయి. మన పిల్లలు అరబీ అక్షరాన్ని చదువుతారు. అది ఎంత అందంగా ఉండగలదో వాళ్లకి ఎవరూ చూపించలేదు. శుక్రవారం మ్యూజియంకి సెలవు, బాసీ ఈద్ జుమ్మా నాడు పడితే మర్నాడు వెళ్లండి.

అక్కడినుంచి పత్తర్‌గట్టీ వైపు నడిస్తే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించింది. గోడల మీద రంగురంగుల పెంకు ముక్కలు పేర్చి చేసిన పని ఉంటుంది. 1908లో మూసీ వరద లోపలికొచ్చి కింది భాగాన్ని పాడుచేసింది. పోయిన పెంకుల చోట తర్వాత రంగులు వేశారు. పిల్లల్ని గోడ ముందు నిలబెట్టి పెంకు ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో కనిపెట్టమనండి. ఏ గేమూ అంతసేపు వాళ్లని నిలబెట్టలేదు.

‘అది షియాలది కదా’ అనే భాయీలున్నారు. ముహర్రంలో అలం దగ్గరికి హిందువులు వచ్చి మొక్కుకుంటుంటే, సున్నీ ఇంటి పిల్లవాడు గోడ మీది పని చూస్తే ఈమాన్ కరిగిపోతుందా? చెప్పులు విప్పి, అదబ్‌తో లోపలికెళ్లి, అదబ్‌తో బయటికి రండి.

‘తస్వీర్లు మనకి మనా కదా’ అంటారు ఇంకొందరు. చేతిలో ఫోను, ఫోనులో రీల్స్, ఇంట్లో టీవీ రాత్రి పన్నెండు దాకా మోగుతుంది. మ్యూజియం అనగానే ఫత్వా గుర్తొస్తుంది! పైగా నేను చూడమంటున్నది రాత, పూలతీగె, జాలీ, పెంకు. మస్జిద్‌ల మీద ఉన్నవీ ఇవే.

‘నవాబుల దౌలత్‌తో మనకేం పని’ అనేది మూడో మాట. ఇది మాత్రం ఆలోచించాల్సిన మాటే. తెలుగు ముస్లింలలో నవాబుల వారసులెందరు? మనం దూదేకులవాళ్లం, దర్జీలం, కసాయిలం, మెకానిక్‌లం, తాపీవాళ్లం. అందుకే వెళ్లాలి. నవాబు డబ్బిచ్చాడు. పెంకు కోసింది, సున్నం నూరింది, జాలీ చెక్కింది కారీగర్. పైగా మఖ్బరాల్లో ఆ గచ్చు జాలీలు చూడండి, ఒక్కోటి ఒక్కో తరహా. సంతోష్‌నగర్ తాపీ మేస్త్రీ కొడుకు అక్కడ తలెత్తి చూస్తే, తన అబ్బా చేతిపని ఎంత పెద్దదో వాడికి అర్థమవుతుంది.

ఒక రోజు పూర్తిగా దొరికితే బీదర్ వెళ్లండి. హైదరాబాదు నుంచి మూడు గంటల దారి. అక్కడ బిద్రీ పని ఇంకా బతికుంది. జింకు, రాగి కలిపి పోత పోస్తారు, ఉలితో నగిషీ చెక్కుతారు, ఆ గాడుల్లో వెండి తీగె అదుముతారు. బీదర్ ఖిల్లా మట్టితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. ఈ పనికే షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకి ఆయన పేరు తెలుసు? యూట్యూబర్ల పేర్లు మాత్రం వరసగా చెబుతారు.

కర్నూలు వాళ్లకి అబ్దుల్ వహాబ్ గుమ్మజ్ ఊళ్లోనే ఉంది. బందరు వైపు వాళ్లకి పెడన దగ్గర. అక్కడ కలంకారీ అచ్చు బట్టల మీద పడుతుంటే పిల్లలకి చూపించండి. ఆ మాటలోని ‘కలం’ ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పండి.

ఇదంతా షౌక్ కోసం చెప్పడం లేదు. స్కూల్లో ఎవడో ‘మీవాళ్లు కూలగొట్టడం తప్ప ఏం చేశారు’ అంటాడు. మన పిల్లవాడు తల దించుకుని ఇంటికొస్తాడు. మనం వాడికి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ చూపించి కోపం నేర్పుతాం. ఆ కోపంతో వాడు ఏ జవాబూ చెప్పలేడు. కళ్లారా చూసినవాడు చెప్పగలడు: ఫలానా గోడ, ఫలానా చేతిపని, నేను చూశాను, కావాలంటే నిన్నూ తీసుకెళ్తాను, రా.

వచ్చే ఈద్‌కి ఈదీతోపాటు ఈ వాదా కూడా పిల్లలకి ఇవ్వండి. మిగిలిన బిర్యానీ టిఫిన్‌లో కట్టుకోండి. బండిలో ముందు సీటు మాత్రం అమ్మీకి.