రీస్టార్ట్ తొందరలో చెరిగిపోతున్న సాక్ష్యం

కళాశాల ప్రయోగశాలలో లినక్స్ నడుస్తున్న కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. నల్లటి తెర నిండా తెల్లటి అక్షరాలు, చివర్లో ఎక్కడో ‘కెర్నల్ పానిక్’ అన్న మాట. అక్కడున్నవారు చేసే మొదటి పని పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. రెండోసారి అలాగే జరిగితే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మూడోసారి జరిగితే ‘లినక్స్ మనకు పడదు’ అని తీర్పు చెప్పేస్తారు. ఈ మూడింటిలో దేనికీ తెర మీద ఏం రాసి ఉందో చదవాల్సిన పని లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య నిలబడి మెమరీని, ప్రాసెసర్‌ను, డిస్క్‌ను పంచిపెట్టే మూల ప్రోగ్రామే కెర్నల్. తన లెక్కలు తనకే పొంతన కుదరనప్పుడు, ఇంకా ముందుకు వెళితే డేటా చెడిపోవచ్చని తనంతట తానే ఆగిపోవడాన్ని పానిక్ అంటారు. ఈ పేరు యూనిక్స్ తొలినాళ్ల నుంచీ ఉంది. మల్టిక్స్ వ్యవస్థ మీద పనిచేసిన టామ్ వాన్ వ్లెక్ ఒక సంభాషణను నమోదు చేశారు. తాను రాసే కోడ్‌లో సగం పొరపాట్ల నుంచి కోలుకోవడానికే పోతోందని ఆయన అంటే, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ తాము అదంతా వదిలేశామని బదులిచ్చారట. పొరపాటు వస్తే పానిక్ అనే రొటీన్ నడుస్తుంది, యంత్రం ఆగిపోతుంది, వరండాలోకి కేకేసి ఎవరో ఒకరిని రీబూట్ చేయమంటారు, అంతే.

వినడానికి బాధ్యతలేనితనంలా ఉన్నా ఇందులో నిజాయతీ ఉంది. ఆగకుండా నడిచే యంత్రం అంతకంటే ప్రమాదకరం కావచ్చని 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ బృందానికి తెలిసొచ్చింది. రాసిన డేటా నిజంగా డిస్క్‌కు చేరిందా అని డేటాబేస్ కెర్నల్‌ను అడుగుతుంది. చేరకపోతే కెర్నల్ ‘లేదు’ అంటుంది. సరేనని డేటాబేస్ రెండోసారి అడిగితే కొన్ని సందర్భాల్లో ‘చేరింది’ అనే జవాబు వచ్చేది. మొదటి వైఫల్యం తర్వాత ఆ డేటాను లినక్స్ ‘రాయాల్సిన’ జాబితాలోంచి తీసేయడమే కారణం. డిస్క్‌లో మాత్రం ఆ డేటా ఉండదు. ఏళ్ల తరబడి ‘మళ్లీ ప్రయత్నిద్దాం’ అన్న పద్ధతినే నమ్ముకున్న ఆ బృందం 2019లో దాన్ని మార్చింది. ఇప్పుడు అలాంటి వైఫల్యం ఎదురైతే డేటాబేస్ తానే పానిక్ అయి ఆగిపోయి, ముందుగా రాసిపెట్టుకున్న లాగ్ నుంచి కోలుకుంటుంది.

కెర్నల్ మీద పడే నిందల్లో చాలావరకు నిజానికి డిస్క్‌వే. లినక్స్ సాధారణంగా ఒక డిస్క్ ఆదేశానికి 30 సెకన్లు గడువిస్తుంది. మామూలు డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్ మాత్రం చదవడానికి మొరాయిస్తున్న సెక్టర్ దొరికితే అంతకంటే ఎక్కువసేపు దానితోనే కుస్తీ పట్టవచ్చు. గడువు దాటగానే కెర్నల్ ఆ లింక్‌ను రీసెట్ చేస్తుంది. ఈలోగా ఆ డిస్క్ కోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రాములు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ స్థితిలో ఉన్నవాటిని కిల్ ఆదేశం కూడా కదిలించలేదు. 120 సెకన్లు దాటితే ఫలానా పని ఇరుక్కుపోయిందని లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది. చూసేవారికి మాత్రం కనిపించేది ఒక్కటే, ‘సిస్టమ్ హ్యాంగ్’.

దోషి ఎవరో డ్రైవ్ తన లెక్కల్లో కొంతవరకు చెబుతుంది. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో ఆ లెక్కలు చూడవచ్చు. 5వ నంబరు చెడిపోయి మార్చేసిన సెక్టర్ల సంఖ్య. 197వది చదవలేక పక్కన పెట్టిన సెక్టర్లది. ఇవి రోజురోజుకూ పెరుగుతుంటే డ్రైవ్ చివరి దశకు వచ్చినట్టే. 199వది ఒక్కటే పెరుగుతుంటే అనుమానించాల్సింది కేబుల్‌ను. అది డ్రైవ్‌కూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో చెడిన డేటా లెక్క. చౌకగా దొరికే కేబుల్ మార్చాల్సిన చోట మంచి డిస్క్‌ను పారేసేవారు తక్కువేం కాదు. ఈ లెక్కలన్నీ బాగుండి, క్రాష్‌లు మాత్రం ప్రతిసారీ వేరే చోట కనిపిస్తుంటే ర్యామ్‌ను పరీక్షించాలి.

అలాగని ఈ అంకెలను గుడ్డిగా నమ్మడానికీ లేదు. లక్షకు పైగా డ్రైవ్‌లను పరిశీలించి గూగుల్ 2007లో ప్రచురించిన అధ్యయనం రెండు సంగతులు చెప్పింది. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డ్రైవ్ ఆ తర్వాతి 60 రోజుల్లో విఫలమయ్యే అవకాశం, అలాంటి ఎర్రర్ లేనివాటితో పోలిస్తే 39 రెట్లు. అయితే విఫలమైన డ్రైవ్‌లలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను పక్కన పెడితే, ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. అంటే డ్రైవ్ చెడు చెబితే నమ్మాలి, అంతా బాగుందంటే మాత్రం బ్యాకప్ మానకూడదు.

చదవకుండా చేసే మరమ్మతు ఇక్కడే నష్టం తెస్తుంది. ఫైల్ సిస్టమ్‌లో లోపం కనిపిస్తే అనేక లినక్స్ వ్యవస్థలు డిస్క్‌ను ‘చదవడానికి మాత్రమే’ అనే స్థితికి మారుస్తాయి. ఇది రక్షణ. దాన్ని అడ్డంకి అనుకుని బలవంతంగా తెరిచి, వెంటనే ఎఫ్‌ఎస్‌సీకే నడిపేవారున్నారు. ఎఫ్‌ఎస్‌సీకే లోపాలను సరిదిద్దుతుంది నిజమే. కానీ సరిదిద్దడమంటే రాయడమే. కొన ఊపిరితో ఉన్న డిస్క్ మీద రాతలు మొదలుపెడితే మిగిలి ఉన్నదీ పోవచ్చు. ముందు ప్రతి తీయాలి, మరమ్మతు ఆ ప్రతి మీద చేయాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అందుకోసమే ఉంది. సులువుగా చదవగలిగే భాగాలను ముందు తీసుకుని, మొండికేసే సెక్టర్లను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదటికి రాదు.

ఇంకో ఇబ్బంది ఉంది. లాగ్‌లు సాధారణంగా నిలవుండేది ఆ డిస్క్‌లోనే. డిస్కే పోతుంటే దాని మరణ వాంగ్మూలం అందులోకి చేరదు. మెమరీలో ఉన్నంతవరకు డీమెసేజ్ ఆదేశం చూపిస్తుంది, పవర్ తీస్తే అదీ పోతుంది. అందుకే బటన్ జోలికి వెళ్లేముందు తెరను ఫొటో తీయడం చాలా విలువైన పని. 2024 నవంబరులో వచ్చిన లినక్స్ 6.12 నుంచి పానిక్ వివరాలను క్యూఆర్ కోడ్‌గా చూపే సదుపాయం కూడా కెర్నల్‌లో చేరింది. కేడంప్‌ను ముందే అమర్చి ఉంచితే, పక్కన దాచిన కొంత మెమరీలోంచి రెండో కెర్నల్ లేచి, పడిపోయిన కెర్నల్ మెమరీని భద్రపరుస్తుంది. లాగ్‌లను నెట్‌వర్క్ ద్వారా పక్క యంత్రానికి పంపడం ఇంకా తేలిక.

ఇంత ఓపిక ఎవరికుంది, గంటలో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే పోలేదా అనే వాదన తీసిపారేసేది కాదు. భారీ డేటా సెంటర్లు చెడిన యంత్రాన్ని పక్కన పెట్టి వేరేది నిలబెడతాయి. కానీ అక్కడ డేటా ప్రతులు వేరే యంత్రాల్లో ఉంటాయి, లాగ్‌లు అప్పటికే బయటకు వెళ్లిపోయి ఉంటాయి. ఒక పరిశోధక విద్యార్థి మూడేళ్ల కొలతలు ఒకే డిస్క్‌లో ఉన్న విశ్వవిద్యాలయ గదికి ఆ లెక్క వర్తించదు.

కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కైట్ సంస్థ రూపొందించిన లినక్స్ నడుస్తోంది. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. ఇన్ని యంత్రాల్లోకి ఈ వ్యవస్థను తెచ్చినప్పుడు, అది పడిపోయినప్పుడు ఏం చెబుతోందో చదవగలిగే మనుషులూ కావాలి. ఇంజినీరింగ్, డిప్లొమా ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లలో షెడ్యూలింగ్ అల్గారిథమ్‌లు రాయించే పద్ధతి ఉంది. వాటి పక్కన రెండు ప్రయోగాలకు చోటివ్వడం కష్టమేమీ కాదు. వర్చువల్ మెషీన్‌లో సిస్‌ఆర్‌క్యూ సదుపాయంతో కెర్నల్‌ను కావాలనే పడగొట్టి, కేడంప్ దాచిన మెమరీలోంచి కారణం వెతకడం ఒకటి. లినక్స్‌లోనే ఉన్న డీఎం-ఫ్లేకీతో మధ్యమధ్యలో మొరాయించే డిస్క్‌ను సృష్టించి, దాని మీది ఫైళ్లను కాపాడమనడం రెండోది. రెండింటికీ కొత్త పరికరం ఒక్కటి కూడా కొనక్కర్లేదు.