సెల్‌ఫోన్ జామర్

సెల్‌ఫోన్ జామర్ అనగా ఫోనుకూ సెల్‌టవరుకూ మధ్య సంబంధాన్ని తెంచే రేడియో పరికరం. ఫోన్లు వాడే పౌనఃపున్యాలలోనే ఇది బలమైన రొదను వెలువరిస్తుంది. ఆ రొదలో టవరు సంకేతం ఫోనుకు అందదు.

భారతదేశంలో వ్యక్తులు, ప్రైవేటు సంస్థలు దీనిని కొనరాదు, వాడరాదు. అమ్మకం, ప్రకటన, దిగుమతి కూడా చట్టవిరుద్ధమేనని కేంద్ర టెలికాం శాఖ 2022 జనవరిలో స్పష్టం చేసింది. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు అమ్మే వర్తకుడు జామరును అమ్మజాలడు. రాష్ట్ర ప్రభుత్వాలు సైతం కేంద్ర క్యాబినెట్ సచివాలయం అనుమతి పొందవలసిందే. చట్టబద్ధ పరీక్షా సంస్థలకు తక్కువ శక్తి గల జామర్లు వాడుకొనే వీలు కలదు. వాటిని సమకూర్చే ప్రభుత్వ సంస్థలలో హైదరాబాదులోని ఈసీఐఎల్ ఒకటి.

నాంపల్లిలో కార్యాలయం గల తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకు 2023 మార్చిలో బయటపడింది. బ్లూటూత్ పరికరాలతో జవాబులు చేరవేశారన్న ఆరోపణలూ దర్యాప్తులో వచ్చాయి. రెండవదానికి జామరు కొంత అడ్డే. అయితే పరీక్షకు ముందే కార్యాలయపు కంప్యూటరు నుండి బయటకు పోయిన పత్రాన్ని ఏ జామరూ ఆపలేదు.

అసలు ప్రమాదం వేరు. రేడియో తరంగాలు గోడ దగ్గర ఆగవు, కాపీ కొట్టేవాని ఫోనునే ఎంచుకోవు. అఫ్జల్‌గంజ్ వంటి ఇరుకైన చోట ఎవరైనా దొంగచాటుగా జామరు పెట్టినచో, ఉస్మానియా ఆసుపత్రిలోని రోగి బంధువులు రక్తదాతకు చేసే ఫోనూ మోగదు. ఆసుపత్రిలో ల్యాండ్‌లైను ఉండవచ్చును, కానీ వీధిలో పడిపోయిన మనిషి పక్కన ఉండేది సెల్‌ఫోనే. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవకు చేసే పిలుపు కూడా ఆ రొదలోనే కలిసిపోతుంది.