కత్తెర ఎవరి చేతిలో?

కుట్టు శిక్షణ కేంద్రంలో నేను ఆరు నెలలు మిషను తొక్కాను. కత్తిరించడం మాత్రం మాస్టరుగారే చేసేవారు. ఆయన కత్తిరించి ఇచ్చింది కుట్టడమే మా పని.

ఈమధ్య ఒక స్నేహితురాలు దగ్గర కూర్చోబెట్టుకుని, ఒంటికి అతికినట్టుండే బుట్టచేతుల బనీనుగుడ్డ టాప్‌కు పాత దినపత్రిక మీద నమూనా గీయించింది. ఛాతీ 34 అంగుళాలైతే మామూలు నూలుగుడ్డకు కొంత వదులు కలుపుతాం. సాగే గుడ్డకు కలపం సరికదా, రెండంగుళాలు తగ్గిస్తాం. సాగుడే ఒంటి తీరుకు ఒదుగుతుంది కాబట్టి డార్టులు అక్కర్లేదు. బుట్టచేతికి ముందు మామూలు చేయి గీసి, కింది అంచు తెగకుండా నిలువుగా చీల్చి, పైభాగాన్ని విసనకర్రలా విప్పాలి. అలా పెరిగిన గుడ్డే భుజం దగ్గర కుచ్చులవుతుంది.

ఇంతేనా! మరి మాకెందుకు నేర్పలేదు?

సమాన పనికి సమాన వేతనమన్న చట్టం 1976లోనే వచ్చింది. కానీ కత్తిరింపు మగవారికీ, కుట్టుపని ఆడవారికీ పంచేశాక, అసలు పనే సమానం కాదని యజమాని తేల్చేస్తాడు. చాలాచోట్ల కటింగ్ మాస్టరుకు నెల జీతం, కుట్టే స్త్రీకి పీసుకింత.

మిషన్లు పంచి, అదే స్వావలంబన అని తృప్తిపడే సంస్థల్లో మనమూ ఉన్నాం. మిషనుతోపాటు టేపూ, కత్తెరా, నమూనా గీసే విద్యా ఇస్తున్నామా?